ఒక్క సెల్ఫ్‌కే

శౌరయ్య మేస్త్రీ గారికి వందనాలు.

ఫోనులో చెబితే తిట్టి పెట్టేస్తారని ఉత్తరం రాస్తున్నాను. నేను లడాఖ్ బయలుదేరేటప్పుడు ఆటోనగర్ షెడ్డులో మీరు వేళ్ల మధ్య రాసి చూసి మరీ పోసిన ఇంజను ఆయిల్ తీసేయించానండీ. ఇక్కడి చలికి తెల్లారేసరికి అది బెల్లం పాకంలా చిక్కబడిపోయేది. ఇక్కడ రోడ్డు పనుల్లో ఉన్న మిగతా టిప్పర్లన్నీ సింథటిక్ ఆయిల్‌తోనే నడుస్తున్నాయి. ఎంత చలిలోనైనా అది పల్చగానే ఉంటుందన్నారు. నిజమే, అది పోయించిన దగ్గర్నుంచి బండి ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతోంది.

అంతకుముందు రోజూ ఆయిల్ చాంబర్ కింద నిప్పుల పళ్లెం పెట్టి గంటసేపు వేడిచేయాల్సి వచ్చేది. నా ఒక్కడి వల్ల కాదని పక్క గుడారాల డ్రైవర్లు వచ్చేవారు. వాళ్ల భాష నాకు రాదు. అయినా ఆ నిప్పు చుట్టూ కూర్చుని అందరం టీ తాగేవాళ్లం. ఒక పెద్దాయన నా చేతులు పట్టుకుని వేడెక్కేదాకా రుద్దేవాడు.

ఇప్పుడు నా బండి చప్పుడు వినబడగానే వాళ్లు నిశ్చింతగా అటు తిరిగి పడుకుంటున్నారు.

మేస్త్రీ గారూ, మీ ఆయిలే మళ్లీ పోయిస్తే ఇంజను పాడైపోతుందా? ఈ ఒక్క చలికాలం అది ఓర్చుకోలేదంటారా?

మీ కంకిపాడు డ్రైవర్