తెడ్లు వేసినోళ్ళ సంగతి

ఓబులేసన్నా,

నువ్వు సముద్రంలో పోయి నేటికి ఏడాది. నిన్ను లాంచీలో పనికి పెట్టుకున్న యజమాని, అదే మన బాబా, రుమైథియా పేటలోని ఇంట్లోనే నేనింకా ఊడుస్తున్నాను. ఈ రోజు ఆయన అతిథులకు గోడమీది కొత్త ఓడల యుద్ధం పటం చూపించాడు. ఎప్పుడో ఈ గల్ఫులోనే పోర్చుగీసువాళ్ళూ డచ్చివాళ్ళూ కొట్టుకున్నారట. గాలి పడిపోయి డచ్చి తెరచాప ఓడ కదల్లేకపోతే, పోర్చుగీసు తెడ్ల పడవలు చుట్టుముట్టి కాల్చాయట. ఎవరు గెలిచారో ఆయన గొప్పగా చెబుతున్నాడు.

కాఫీ పోస్తూ, నాకొచ్చిన అరబ్బీలో అడిగాను: "తెడ్లేసినోళ్ళు ఏమైనారు బాబా?"

"వాళ్ళు బానిసలు. ఎవరికి కావాలి?" అని నవ్వాడు.

"ఇరానూ ఇరాకూ ఈ సముద్రంలోనే కొట్టుకుంటాండాయని తెలిసీ మా అన్నను ఎందుకు పంపిస్తివి?"

"యల్లా, లోపలికి పో!" అని ఆయన భార్య మామా అరిచింది.

"ఖలాస్! రేపే నిన్ను ఊరికి తోలేస్తా," అన్నాడాయన.

"తోలెయ్. బాంబు పడిన నీ లాంచీలో సచ్చింది మా అన్న ఓబులేసు," అన్నాను.

అతిథులు తలలు దించుకున్నారు. వినపడలేదేమోనని నీ పేరు ఇంకోసారి, గట్టిగా చెప్పి వచ్చాను.