తమ్ముడి కిల్టు నడుంపట్టీ

చెల్లి ఎఫీకి అక్క మార్సలీ ఆశీస్సులు. దేవుడి దయవల్ల అందరం కులాసా, తమ్ముడి కిల్టు తప్ప.

మంగళవారం పొద్దున ప్రార్థన, ఓట్స్ జావ అయ్యాక, కిటికీ దగ్గర కూర్చుని తమ్ముడు టార్మోడ్ పెళ్ళిలో పావడాలా నడుముకు చుట్టుకునే గళ్ళ కిల్టుకు నడుంపట్టీ కుట్టాను. పట్టీ మీది గళ్ళు కింది గళ్ళతో గీతకు గీత కలిశాయి. వాడికి చుట్టి చూస్తే బకిలు దాకా పట్టీ అందలేదు.

"జావ తగ్గించరా," అన్నాను.

"నువ్వే తప్పు కొలిచావక్కా!"

నాన్న నవ్వాడు. "కొలిచిననాడు పెళ్ళికూతురు గుమ్మంలోనే ఉందిగదే! ఊనాని చూసి వీడు పొట్ట లోపలికి పీల్చేశాడు."

కుచ్చిళ్ళన్నీ ఆ కొలతకే కుట్టేశాను. శనివారమే పెళ్ళి. మళ్ళీ విప్పి కుట్టే వ్యవధి లేదు.

వచ్చేటప్పుడు గట్టి నల్లదారం తీసుకురా. నీ పండ్ల కేకు మాత్రం తేకు. మీ ఆయన దగ్గు తగ్గిందా?

ఈ సాయంత్రం అందరం కూర్చుని తేల్చాం. కుట్టు విప్పం. చర్చిలో ఊనా ఎలాగూ వాడి పక్కనే ఉంటుంది. విందులో కూడా వాడికి ఎదురుగా ఆమెనే కూర్చోబెడతాం. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. తమ్ముడి ఊపిరి కోసం నువ్వూ ఒక ప్రార్థన చెయ్యి.