లేచి నడిచినందుకు

నవంబర్ 8, శనివారం. పుణే హోటల్

గెలిచాం. మెడ పట్టేసింది.

సెకండ్ హాఫ్‌లో నా రైడ్. నన్ను అప్పటికే పట్టేశారు, విజిల్ పడింది, ఔటయ్యానని వెనక్కి తిరిగాను కూడా. అప్పుడొచ్చి అవతలి టీమ్ డిఫెండర్ భరద్వాజ్ భుజంతో మెడ మీద గుద్దాడు. విజిల్ తర్వాత! స్టేడియం మొత్తం చూసింది. కళ్లు బైర్లు కమ్మాయి. స్ట్రెచర్ తెచ్చారు. వద్దని చెయ్యి ఊపి నేనే లేచాను, నేనే నడిచాను. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

లేవకుండా ఎట్లా? పురానాపూల్ కుస్తీ తాలీంలో ఎనిమిదో ఏట నుంచి వైకుంఠం ఉస్తాద్ చెప్పేది ఒకటే మాట. మట్టిలకెల్లి మంది భుజాల మీద పోయేది ఇద్దరే బిడ్డా, గెలిచినోడు, సచ్చినోడు అని. కుస్తీ వదిలి కబడ్డీకి వచ్చినా ఆ మాట వదల్లేదు.

ఎట్లుంది అంజన్ అని టీమ్ డాక్టర్ అడిగాడు. మస్తుగున్న సార్ అన్నాను. ఫిట్ అని రాసి కాగితం ఇచ్చాడు. సంతకం పెట్టేశాను.

నవంబర్ 10, సోమవారం

వీడియో కాల్‌లో హియరింగ్. పావుగంటలో తేల్చేశారు. భరద్వాజ్‌కి ఒక్క మ్యాచ్ సస్పెన్షన్. ఒక్కటి!

ఆటగాడు తనంతట తాను లేచి నడిచాడు, డాక్టర్ ఫిట్ అన్నారు, కాబట్టి దెబ్బ తీవ్రమైనది కాదట. డిసిప్లినరీ కమిటీలో తెల్లజుట్టు పెద్దమనిషి చదివాడు. విజిల్ తర్వాత గుద్దాడు కదా సార్ అన్నాను. అది నోట్ చేసుకున్నామన్నాడు. ఆ నోట్ ఏ గంగలో కలుస్తుందో.

పోయినేడు నాకు నాలుగు మ్యాచ్‌లు వేసింది ఈ కమిటీయే. తిరగబోతుంటే నా మోచెయ్యి తగిలి ఒకడి ముక్కు నుంచి రక్తం కారింది. కావాలని కొట్టలేదు, దేవుడి మీద ఒట్టు. వాడు పదకొండు నిమిషాలు మ్యాట్ మీద పడుకున్నాడు, మూడో రోజు ఆడాడు. డ్రామాగాడని నేనూ బబ్లూ నెల రోజులు నవ్వుకున్నాం. బబ్లూ నా రూమ్మేట్, నా తర్వాత రైడ్‌కి వెళ్లేవాడు. ఇప్పుడనిపిస్తోంది, వాడికి రూల్ తెలుసు, మేమే వెర్రివాళ్లం. ఎట్లా కొట్టాడన్నది ఎవరికీ అక్కర్లేదు. దెబ్బ తిన్నవాడు ఎంతసేపు పడుకున్నాడన్నదే చూస్తారు.

నవంబర్ 12

భరద్వాజ్ శిక్ష అయిపోయింది. ఇవాళ వాళ్ల టీమ్ ఆడింది, వాడు కుర్చీలో కూర్చుని చూశాడు.

నవంబర్ 16, ఆదివారం. లాల్‌దర్వాజా

నొప్పి తగ్గట్లేదని సెలవడిగి ఇంటికొచ్చాను. పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాను. ఎడమచేతి వేళ్లలో పట్టు లేదు. చాయ్ గ్లాసు జారి పగిలింది. నా భార్య అమల ముక్కలు ఏరి, వచ్చి నా గుండీలు పెట్టింది. రేపు స్కాన్‌కి పోతున్నం, నువ్వేం మాట్లాడకు అంది.

నవంబర్ 18

మెడలో రెండు డిస్కులు జరిగాయి. నరాన్ని నొక్కుతున్నాయి. ఆపరేషన్ చేసినా ఇక కబడ్డీ మర్చిపోవాలన్నాడు డాక్టర్. ఇంకో దెబ్బ తగిలితే మంచమేనట. నాకు ఇరవై ఏడేళ్లు. వేరే పని ఏదీ రాదు.

ఆటో ఎక్కాక అమల అరిచింది. స్ట్రెచర్ తెస్తే పండుకోక ఏం రోగమొచ్చింది నీకు, ఎవల కోసం లేసినవ్, చప్పట్లు కొట్టినోళ్లు వస్తరా ఇప్పుడు అని. ఆటోవాలా అద్దంలో చూస్తుంటే సిగ్గేసింది.

నవంబర్ 19, మధ్యాహ్నం 3

అప్పీల్ చేద్దామని టీమ్ మేనేజర్‌కి ఫోన్ చేశాను. గడువు మూడు దినాలే భాయ్, అయిపోయింది అన్నాడు. స్కాన్ వచ్చిందే నిన్న కదా అన్నాను. రూల్ గట్లుంది, నేనేం చెయ్యాలె అన్నాడు. పైగా ఫిట్ అని సంతకం పెట్టింది నువ్వే, లొల్లి చేస్తే దెబ్బ దాచినవని నీ మీదికే తెస్తరు అని మెల్లగా చెప్పాడు. తిట్టకుండానే ఫోన్ పెట్టేశాను. ఆయనా మంచివాడే.

నవంబర్ 22

ఉస్తాద్‌కి చెప్పేద్దామని తాలీంకి వెళ్లాను. నన్ను చూడగానే బంతిపూల దండ తెప్పించాడు. పహిల్వాన్లందరినీ కూర్చోబెట్టి ఫోన్‌లో నా వీడియో చూపించాడట, నేను లేచి నడిచింది. ముప్పై ఏండ్ల తాలీంకు గిదొక్కటి చాలు బిడ్డా అన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు.

చెప్పలేకపోయాను. దండ కుడిచేత్తో పట్టుకుని వచ్చేశాను.

నవంబర్ 29, పొద్దున

నిన్న టీవీలో మా మ్యాచ్. మళ్లీ భరద్వాజే. మళ్లీ విజిల్ తర్వాతే. ఈసారి బబ్లూ మెడ మీద. బబ్లూ బోర్లా పడ్డాడు. స్ట్రెచర్ వచ్చింది.

లేవకురా, పండుకోరా, నీకు దండం పెడతా పండుకో అని టీవీ ముందు గొంతు చించుకున్నాను. పక్కింటివాళ్లు కిటికీ తీసి చూశారు.

లేచాడు. చెయ్యి ఊపి స్ట్రెచర్ వద్దన్నాడు. అచ్చం నాలాగే. కామెంటేటర్ నా పేరు చెప్పి మరీ మురిసిపోయాడు.

ఇప్పుడే ఫోన్ చేశాను. నువ్వు లేసినవ్ కదన్నా, నేను పండుకుంటే ఇజ్జత్ ఉంటదా అన్నాడు. ఫిట్ కాగితం మీద సంతకం పెట్టకురా అన్నాను. రాత్రే పెట్టిన అన్నాడు. వేళ్లెట్లున్నాయిరా అని అడిగాను. జర తిమ్మిరి, ఫికర్ లేదన్నా అన్నాడు.

నేను చేసిందే వాడూ చేశాడు. నన్ను చూసి చేశాడు.

డిసెంబర్ 1

భరద్వాజ్‌కి రెండు మ్యాచ్‌లు. రెండో తప్పు కాబట్టి రెండట.

డిసెంబర్ 4

గడప తట్టుకుని పడ్డాను. అమల పరిగెత్తుకొచ్చింది. లేపకు, ఉండనీ అన్నాను. గోడ గడియారం చూస్తూ పదకొండు నిమిషాలు పడుకున్నాను. ఎవరూ రాసుకోలేదు.

తర్వాత లేవబోతే చేతకాలేదు. అమల భుజం మీద లేచాను. ఉస్తాద్ చెప్పిన ఇద్దరిలో గెలిచినోడినైతే కాదు.