అరచేతి గంజి

19-4-1953
మధ్యాహ్నం కోసిగిలో రైలు దిగాం. మా భజన సమాజం తరఫున కడప నుంచి ఆరుగురం. పెద్దదిక్కు నాగలక్ష్మమ్మ గారు, రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్. కరువు తీరేదాకా ఈ పక్క పల్లెలో పేదలకు గంజి పోయాలని ప్లాన్. కమలాపురంలో నాన్న వద్దన్నా వచ్చాను. దేవుడి పని కదా!

20-4
గంగాళం నిండా జొన్న గంజి. ఒక్కరూ రాలేదు!
ఇంటింటికీ వెళ్ళి పిలిచాను. బిచ్చపు గంజి తాగే గతి మాకింకా రాలేదు పోమ్మా, అని అయ్యన్న అనే రైతు తలుపు వేయబోయాడు. ఆ ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవలేదు. ఆయన కోడలు ఈరక్క ఒళ్ళో పసిబిడ్డ. నాకే తినేకి లేకుంటే దీనికి పాలు యాడుంటాయక్కా, అంది తలుపు సందులోంచి.

21-4
నాగలక్ష్మమ్మ గారి ఐడియా: ధర్మం అనొద్దు, ప్రసాదం అందాం. తులసి వేసి, హారతిచ్చి, గంట కొట్టాం. ఊరంతా వచ్చింది. సంతోషం పట్టలేక ఏడ్చేశాను.

సాయంత్రం
గంగాళం అలాగే ఉంది. అందరూ కుడిచేయి చాచి, అరచేతిలో పోసింది కళ్ళకద్దుకుని, తాగి వెళ్ళిపోయారు. ముంతలు తెచ్చుకోండని మొత్తుకున్నాను. పెసాదంతో కడుపు నింపుకుంటారా యాడన్నా, అని గిడ్డమ్మ అవ్వ నన్నే తిట్టింది. ఈరక్క కూడా అరచెయ్యే పట్టింది.

24-4
రోజూ ఇదే తంతు. గంటసేపు భజన, గుక్కెడు గంజి. మిగిలిన ప్రసాదం పారబోయకూడదట, మేమే తాగుతున్నాం. కరువు ప్రాంతానికి సేవకొచ్చి ఒళ్ళు చేసిన మొదటిదాన్ని నేనే అవుతాను.
జనంలో భక్తి ఎంత పెరిగిందో చూడమంటారు నాగలక్ష్మమ్మ గారు. భక్తి పెరిగితే ఈరక్కకు పాలు పడతాయా అని అడిగేశాను. అప్పటి నుంచి నాతో మాటల్లేవు.

25-4
ఈరక్క బిడ్డ ఏడవడం కూడా మానేసింది. భయంగా ఉంది.

26-4
పొద్దున బావి దారిలో ఈరక్క కంప మోపు మోస్తూ కనిపించింది. తూలుతోంది. వచ్చి గంజి తాగమని రెక్క పట్టుకుంటే విదిలించుకుంది. నాకు ఒళ్ళు మండింది. సరే, ఆ కంప మా పొయ్యికి వెయ్యి, కూలికి గంజి పోస్తాను, అని అరిచాను.
ఆగిపోయింది. ఎన్ని ముంతలు పోస్తావు, అంది. బేరం! ఒకటి అన్నాను. మోపు శానా పెద్దదుండాది, రెండన్నా పోయవల్ల, అంది. పరుగున ఇంటికి పోయి ముంత తెచ్చుకుంది. కూర్చుని తాగింది. మొదటిసారి ఈ ఊళ్ళో ఒక మనిషి కడుపునిండా తాగడం చూశాను.

27-4
పెద్ద గొడవ. దేవుడి గంజికి వెల కట్టానట, ఆకలితో ఉన్నవాళ్ళతో చాకిరీ చేయించానట. నాగలక్ష్మమ్మ గారు సమాజానికి రాస్తారట. రాసుకోనీ! ఈరోజు కూడా ఈరక్క మోపు దించింది, వెనకే ఇంకో నలుగురు.

2-5
టెలిగ్రాం వచ్చింది. నన్ను వెంటనే కడపకు రమ్మన్నారు.
బయల్దేరేసరికి మా వాకిట్లో అయ్యన్న. మోపు దించి, ముంత పక్కన పెట్టుకుని, హారతి పళ్ళేనికి అడ్డంగా కూర్చున్నాడు. వాళ్ళింట్లో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. స్టేషన్ దారి పట్టాక కూడా వినిపించింది.