కత్తిరించని గుడ్డ

మార్చి 4

రాయకూడదనే అనుకున్నాను. కుట్టుమిషన్ బెల్టు తెగింది, చేతులు ఊరుకోవు, అందుకని రాస్తున్నాను.

ఈమధ్య కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్లు తగ్గారు. పాత ప్యాంట్లు తెచ్చి నడుం బిగించమనేవాళ్లే ఎక్కువ. ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిటిలోనూ అదే జబ్బు. నీళ్లవల్ల అని ఒకరు, పొగాకువల్ల అని ఇంకొకరు. పేరు మాత్రం ఎవరూ పలకరు. పలికితే ఇంట్లోకొచ్చి కూర్చుంటుందని భయం కాబోలు. ఇదిగో రాశాను: క్యాన్సర్. పెన్ను విరగలేదు.

బిగించాక మిగిలిన గుడ్డను నేను కత్తిరించను, లోపలికి మడిచి కుట్టేస్తాను. మందు పనిచేసి మనిషి ఒళ్లు చేస్తే మళ్లీ వదులు చేయాలి కదా. విప్పిన రోజు వాళ్లు నాకు టీ ఇప్పించాలి. అదే నా రేటు.

మార్చి 6

టీకొట్టు బావ ప్యాంటు తెచ్చాడు. వరసేమీ లేదు, చిన్నప్పటినుంచీ బావే. రెండంగుళాలు బిగించాలట. టీలు తాగి తాగి ఆకలి చచ్చిందట.

బస్టాండులో ఆస్పత్రి వ్యాను ఉంది. పరీక్షలు ఉచితం. ఎక్కితే ఎవరైనా చూస్తారేమోనని ఎవరూ ఎక్కడం లేదు. ఎవరెక్కుతారో చూద్దామని ఎదురు బెంచీల నిండా జనం.

ప్యాంటు బీరువాలో పెట్టి తాళం వేశాను.

"వ్యానెక్కి రా బావా, ఇస్తాను."

"ఉన్నవే రెండు ప్యాంట్లురా, దొంగవెధవా!"

మార్చి 7

బావ రెండో ప్యాంటు తాడుతో కట్టుకున్నాడు. ఒక చేత్తో గ్లాసు, ఇంకో చేత్తో నడుం. చూడ్డానికొచ్చేవాళ్లతో గిరాకీ రెట్టింపైంది.

మార్చి 9, రాత్రి

లొంగాడు. నేనూ ఎక్కాలని షరతు పెట్టాడు. చచ్చినట్టు ఎక్కాను. మమ్మల్ని చూసి లాండ్రీవాడు ఎక్కాడు, వాడి వెనక వాళ్ల అత్తగారు. సాయంత్రానికి క్యూ. ఇన్నాళ్లూ ఈగలు తోలుకున్న నర్సమ్మ మురిసిపోయింది. నా నోట్లో మాత్రం టార్చి వేసి చాలాసేపు చూసింది.

మార్చి 30

బావకు షుగరట. నాకే అది. నాలుక పక్కన. తొందరగా దొరికిందని డాక్టరమ్మ, పోయిన గొడుగు దొరికినంత సంతోషంగా చెప్పింది. మా ఆవిడ బావను పట్టుకుని, షరతు పెట్టి తీసుకెళ్లింది మీరే కదా అన్నయ్యా అని చెడామడా తిట్టింది. తర్వాత అదే మాట అని దణ్ణం పెట్టింది.

ఏప్రిల్ 3

భయంగా ఉంది. ఇవాళ్టికి ఇంతే.

మే 20

చిన్న ముక్క తీశారు. కొన్నాళ్లు మాట్లాడకూడదట. వీధికి సెలవులిచ్చినట్టుంది. నేను అడ్డు తగలకుండా మా ఆవిడ ఒక కథ మొత్తం చెప్పడం ఇదే మొదటిసారి. బాగానే చెబుతుంది.

జూన్ 11

నా ప్యాంటు జారుతోంది. చేతులు వణుకుతున్నాయి. బావే మిషన్ ముందు కూర్చున్నాడు. ఏనాడూ సూది పట్టినవాడు కాదు, కుట్టు పాము పాకినట్టు పోయింది. మిగిలిన గుడ్డ దగ్గర కత్తెర అందుకున్నాడు. కత్తెర వైపే చూశాను. దారం తుంచి కత్తెర కింద పెట్టాడు.

"అలా చూడకురా. నాకూ తెలుసు," అని గుడ్డ లోపలికి మడిచాడు.

సెప్టెంబరు 2

కుట్టు విప్పాం. అరంగుళం.

టీ నేను ఇప్పించాను. బావ చక్కెర లేకుండా తాగాడు.