అతికించని మెట్లు

మార్చి 2
మోడల్ పూర్తయింది. నీటి ఒడ్డున ఉన్న పాత మిలిటరీ యార్డు మొత్తం ఇప్పుడు మా షాపు టేబుల్ మీదికి వచ్చింది. స్కేలు ఒకటికి రెండు వందలు, అంటే అక్కడి రెండు వందల అడుగులు ఇక్కడ ఒక్క అడుగు. సైనికులు ఖాళీ చేసి ఆరేళ్లయింది. అక్కడ హోటల్, ఫ్లాట్లు, నడక దారి కడతారట. ముందు జనం మోడల్ చూసి అభిప్రాయాలు రాయాలి. పర్మిషన్ ఆ తర్వాతే.

మా షాపులో ఒక అలవాటుంది. ప్రతి మోడల్‌లో తెలిసిన మనిషిని ఒకరిని దాచిపెడతాం. ఈసారి నా వంతు. మా ఆయన అక్కను, అంటే మా వదినను పెట్టాను. బియ్యపు గింజంత మనిషి, ఎర్ర ఈత టోపీ. పడవలు దించే పాత ర్యాంపు మీద నిలబెట్టాను. ముప్పై ఏళ్లు బస్సు నడిపి మోకాళ్లు అరగదీసుకుంది. మెట్లు దిగడం తన వల్ల కాదు. రోజూ పొద్దున్నే ఆ వాలు మీదుగానే నీళ్లలోకి నడుస్తుంది. నేల మీద కుంటుతుంది గానీ నీళ్లలో మహారాణి.

కొత్త ప్లాన్‌లో ర్యాంపు లేదు. దాని మీద గ్రానైట్ మెట్లు వస్తాయి. వదినకు చెప్పడానికి నోరు రావడం లేదు. గుర్తుగానైనా అక్కడ ఉంటుందని పెట్టాను.

నాకు నీళ్లంటే భయం. మోడల్‌లో లాగా రెజిన్ జిగురుతో పోసిన గట్టి నీళ్లయితే పర్వాలేదు.

మార్చి 5
ఎగ్జిబిషన్ మొదలైంది. సైనికులు కవాతు చేసిన పాత డ్రిల్ హాల్లో, గాజు పెట్టెలో నా మోడల్. వదిన తనను తాను వెతికి పట్టుకుని, టోపీ బావుంది గానీ నా నడుము మరీ అంత లావా అని నిలదీసింది. తర్వాత నా బుగ్గ మీద ముద్దు పెట్టి, ర్యాంపు ఉంచేస్తున్నారే, ఎంత మంచివాళ్లే అంది.

తొంగి చూశాను. నిజమే. ర్యాంపు అలాగే ఉంది.

మార్చి 5, సాయంత్రం 6
షాపుకు పరుగెత్తాను. ర్యాంపు మీద అతికించాల్సిన పద్నాలుగు మెట్లూ నా సొరుగులోనే ఉన్నాయి, అగ్గిపెట్టెలో. వదినను నిలబెట్టిన మురిపెంలో అతికించడమే మర్చిపోయాను. పప్పులో కాలేయడం కాదు, ఏకంగా ఈత కొట్టాను.

మార్చి 6
ఎవరికీ చెప్పలేదు. తేలు కుట్టిన దొంగను.

మార్చి 11
లంచ్ టైములో అగ్గిపెట్టె, జిగురు పట్టుకుని హాలుకు వెళ్లాను. గాజు పెట్టెకు తాళం. తాళంచెవి పర్మిషన్ ఇచ్చే కమిటీ చైర్మన్ మేడమ్ దగ్గరుందట. కాపలాదారు మురిసిపోతూ అభిప్రాయాల పెట్టె చూపించాడు. నిండిపోయి మూత పడటం లేదు. చక్రాల కుర్చీలో తిరిగే టైలర్ ఒకాయన, మళ్లీ నీళ్లను ముట్టుకుంటానని రాశాడు. కవలల తల్లి ఒకామె, ఈ వాలు ఉంటే చాలు, మిగతాది మీ ఇష్టం అని రాసింది.

చదువుతుంటే సంతోషమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మార్చి 17
ఓనరుకు చెప్పేశాను. కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. ప్లాన్‌లో లేని ర్యాంపు చూపించి జనాన్ని మోసం చేశారంటే షాపు మూసుకోవడమేనమ్మా అన్నాడు. కమిటీ జనం మాట వినే హియరింగ్‌లో నువ్వే లేచి చెప్పు, పక్కన నేనుంటా అన్నాడు.

వదినకూ చెప్పాను.  డ్రైవరు తప్పు దారిలోకి తిప్పితే ముందు బండి ఆపి ప్యాసింజర్లకు చెప్పాలే పిల్లా అంది. అంత మాట అని, చెంగుతో కళ్లు తుడుచుకుంది.

మార్చి 20
హియరింగ్. హాలు కిటకిట. లేచాను. అగ్గిపెట్టె తెరిచి మెట్లు చూపించాను. ర్యాంపు ప్లాన్‌లో లేదు, తప్పు నాది, షాపుది కాదు అన్నాను. 

 వెనక వరసలోంచి ఎవరో, అయితే ఆ మెట్లు ఆ పెట్టెలోనే ఉంచండమ్మా అని అరిచారు. ఇక చూడాలి! చప్పట్లు, ఈలలు. చైర్మన్ మేడమ్ మూడుసార్లు గంట కొట్టింది. నాలుగు వందల పన్నెండు కాగితాల్లో మూడు వందల ఆరు ఆ వాలు గురించేనట. ఆర్కిటెక్టు మొహం కందగడ్డ అయింది. ఆయనే మోకాళ్ల మీద కూర్చుని గాజులోంచి చాలాసేపు చూశాడు. ఉన్నదాన్ని కప్పెట్టడమెందుకో నాకే తెలియడం లేదని ఒప్పుకున్నాడు. ఈ ఎర్ర టోపీ ఎవరిదని అడిగాడు. వదిన చెయ్యెత్తింది. మళ్లీ చప్పట్లు.

ప్లాన్ మార్చి, ఈసారి సరైన మోడల్ పెట్టి, ఇంకో రెండు వారాలు జనానికి చూపించాలని ఆర్డరు.

ఎంత ఆనందంగా ఉందో రాయడం చేతకావడం లేదు. ఓనరు శిక్ష వేశాడు. వచ్చే మోడల్‌లో ఎనిమిది వందల చెట్లూ నేనే నాటాలి.

ఏప్రిల్ 9
ప్లాన్ పాసయింది. ర్యాంపుకు రెండు వైపులా రెయిలింగ్ కూడా. ఊరందరికీ నీళ్లు చూపించి నువ్వు ఒడ్డున కూర్చుంటావా అని వదిన నిలదీసింది. 

ఏప్రిల్ 12, ఉదయం 6.10
మోకాళ్ల దాకా దిగాను. వదిన చెయ్యి వదల్లేదు. నా టోపీ కూడా ఎరుపే. స్కేలు ఒకటికి ఒకటి.