సోడాకి పోని తుప్పు

మార్చి 3
షెడ్డుకి ఒక పాత కారు వచ్చింది. ఇరవై రెండేళ్లుగా గరాజ్‌లో మూలన పడి ఉందట. తెచ్చింది ఒక డాక్టరమ్మ. వాళ్ల నాన్నగారిదట. పెయింట్ మొత్తం తీసి కొత్తగా వెయ్యమంది. అప్పట్లో వేసింది కూడా మా నాన్నేనట.

నాన్న రంగు కొట్టే స్ప్రే బూత్‌లో తన కుర్చీలోంచే కారుని చూశాడు. టీ ముట్టుకోలేదు. అది అలాగే చల్లారిపోయింది. ఆ కుర్చీ ఒకటి, ఊడ్చడానికి కూడా జరపనివ్వడు.

మార్చి 4
పాత పెయింట్ లేపడానికి శాండా, సోడానా? గాలి ఒత్తిడితో ఇసుక కొట్టే బ్లాస్టింగ్ అయితే ఒక పూట పని, తుప్పుతో సహా లేపేస్తుంది. కానీ పల్చటి రేకు వేడెక్కి వంకర తిరుగుతుంది. సోడా మెత్తన. పెయింటే పోతుంది, తుప్పు మాత్రం అలాగే ఉంటుంది. తర్వాత కడగడం పెద్ద చాకిరీ.

నేను సోడా అన్నాను. నాన్న శాండ్ అన్నాడు. పని మానేసి ఆరేళ్లయింది, ఎప్పుడూ నా పనిలో వేలు పెట్టలేదు. ఇవాళ పట్టిన పట్టు వదల్లేదు. షెడ్డు ఇప్పుడు నాది అనేశాను. అనకుండా ఉండాల్సింది.

మార్చి 6
బానెట్, నాలుగు డోర్లు అయ్యాయి. సోడా గన్ ఆపిన ప్రతిసారీ ఎక్కడో టక్ టక్‌మంటోంది. రేకు చల్లబడుతోంది అనుకున్నాను. సోడాకి రేకు వేడెక్కదుగా.

మార్చి 7, మధ్యాహ్నం 12.10
డిక్కీ మూత లోపలి వైపు, పెయింట్ కింద, తుప్పు మచ్చ. అరచెయ్యి.

ఉత్త రేకు మీద ఉత్త చెయ్యి పడితే చెమట అంటుతుంది. పైన ఎన్ని కోట్లు వేసినా అడుగున ఆ చెయ్యి తుప్పుగా తేలుతుంది. అన్నయ్య నాకు నేర్పిన మొదటి పాఠం అదే. గ్లౌజు మర్చిపోతే నెత్తిన మొట్టేవాడు. తనెప్పుడూ మర్చిపోలేదు.

12.40
మధ్యవేలు సగమే ఉంది.

3.00
అన్నయ్య మధ్యవేలు సగం గ్రైండర్‌లో పోయింది. తను వెళ్లిపోయి ఇరవై రెండేళ్లు. అప్పుడు నాకు పదిహేను. ఎక్కడో పని దొరికి వెళ్లాడని నాన్నే చెప్పాడు. అమ్మ ఇప్పటికీ వీధి తలుపుకి గడియ పెట్టనివ్వదు. తనొచ్చి తలుపు కొడితే వినపడదేమోనని భయం.

మచ్చ ఒకటి కాదు. తొమ్మిది. అన్నీ లోపల్నుంచి పైకి తోసినట్టున్నాయి.

మార్చి 8
పొద్దున వెళ్లేసరికి నాన్న డిక్కీ దగ్గర శాండ్ హోస్ బిగిస్తున్నాడు. లాక్కున్నాను.

అప్పుడు చెప్పాడు. అన్నయ్య డిక్కీలో దూరి, థిన్నర్‌తో మూలలు తుడుస్తున్నాడట. నాన్న చూసుకోకుండా మూత వేసి, పైన ప్రైమర్ కొట్టడం మొదలుపెట్టాడట. మూత తీసేసరికి థిన్నర్ ఘాటుకి ఊపిరాడక అంతా అయిపోయిందట. అమ్మకి చెప్పే ధైర్యం లేక అబద్ధమాడాడట. తర్వాత లోపల కూడా రంగు కొట్టి కారు అప్పజెప్పాడట.

"కంప్రెసర్ మోగుతోందే. నాకేం వినపడలేదు."

నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ ఈయన్నే ఎగతాళి చేసేది. అన్నయ్య ఎక్కడ, అని అడిగాను. వెళ్లి బూత్‌లో తన కుర్చీలో కూర్చున్నాడు. బూత్‌కి సిమెంట్ నేల వేయించింది ఆ ఏడే.

మార్చి 9
నాన్న వద్దన్నా అమ్మకి అంతా చెప్పి షెడ్డుకి తీసుకొచ్చాను. ఏడవలేదు. ఆ తుప్పు చెయ్యి మీద తన చెయ్యి పెట్టింది. ఉత్త చెయ్యే. నేను ఆపలేదు.

పోలీసులకి చెప్పాను, రేపు వచ్చి బూత్‌లో సిమెంట్ పగలగొడతారు. ఇంటికొచ్చాక గడియ అమ్మే పెట్టింది. ఇక తలుపు కొట్టేవాడు లేడుగా అంది.

మార్చి 10, ఉదయం 6.00
గడియ తీసి ఉంది. తలుపు లోపలి వైపు సోడా పొడి, అరచెయ్యి ఆకారంలో. మధ్యవేలు సగమే.